కడలి ఆవు: ఇరవై ఏడేళ్ళ కథ

ఒక జంతువుకు మనిషి పెట్టిన పేరు చూస్తే ఆ జంతువు గూర్చి తెలిసేదానికంటే మనిషి దానిని ఏ కంటితో చూశాడో ఎక్కువగా తెలుస్తుంది. మన్నార్ సింధుశాఖ ఒడ్డున ఉండే తమిళ జాలరులు ఒక జంతువును కడల్ పసు అంటారు, అనగా సముద్రపు ఆవు. ఆవుళియా అన్నది దానికే మరొక పేరు. ఆవలి ఒడ్డున సింహళీయులకు అది ముహుదు ఊరా, అనగా సముద్రపు పంది. మలయ భాషలో దుయుంగ్. ఆ మాటే ఐరోపా వారి నోట డ్యూగాంగ్ అయింది. ఇక జంతుశాస్త్రజ్ఞులు దీని వర్గానికి పెట్టిన పేరు సైరేనియా. తమ పాటతో నావికులను మోహపెట్టి ప్రాణాలు తీసే గ్రీకు పురాణాల సైరెన్ల పేరది. ఒకే ప్రాణి ఒకరికి ఆవు, ఒకరికి పంది, ఇంకొకరికి జగన్మోహిని. రెండు పేర్లు మనిషికి పనికివచ్చే పశువులవి, మూడవది మనిషి భ్రమ. ఈ వ్యాసంలో నేను దీనిని కడలి ఆవు అనే పిలుస్తాను.

ఆ భ్రమ ముచ్చట ముందు చెప్పి ముగిస్తాను. 1493 జనవరిలో కొలంబస్ హిస్పానియోలా ద్వీపం దగ్గర మూడు జలకన్యలను చూశానని, చిత్రపటాలలో వేసినంత అందంగా అవి లేవని తన దినచర్యలో రాసుకున్నాడు. అవి మానటీలు, మన కడలి ఆవుకు దాయాదులు. 1560లో మన్నార్ దగ్గర పట్టుబడిన ఏడు జలకన్యలను గోవాకు తీసుకుపోయి పోర్చుగీసు రాజప్రతినిధి వైద్యుడు కోసి చూశాడని, లోపలి అవయవాలన్నీ మనుషులవి ఉన్నట్లే ఉన్నాయని తేల్చాడని జెస్యూట్ మతాచార్యుల చరిత్రలో ఉన్నది. సింహళ ప్రకృతి చరిత్ర రాసిన ఎమర్సన్ టెనెంట్ పందొమ్మిదవ శతాబ్దంలో ఈ కథను ఉటంకించి, అవి డ్యూగాంగులేనన్నాడు. ఈ పొరపాటుకు కారణం లేకపోలేదు. కడలి ఆవుకు చన్నులు పొదుగులో ఉండవు, ముందు తెడ్ల చంకల దగ్గర ఉంటాయి. తల్లి బిడ్డకు పాలిచ్చే తీరు దూరం నుంచి చూసేవారికి మనిషిని తలపించి ఉండవచ్చు.

నిజానికి ఇది ఏనుగుకు చుట్టం. ఏనుగులు, హైరాక్స్ అనే కుందేలంత జంతువులు, ఈ కడలి ఆవులు ఒకే పూర్వీకుల సంతతి. మగవాటికి పైదవడలో పొట్టి కోరలు ఉంటాయి. పొడవు మూడు మీటర్ల దాకా, బరువు నాలుగు వందల కిలోల దాకా పెరుగుతుంది. చేపకున్నట్లు మొప్పలు లేవు, ఊపిరితిత్తులే. కొద్ది నిమిషాలకొకసారి ముక్కుపుటాలు నీటిపైకి తెచ్చి గాలి పీల్చుకోవాలి. తిండి సముద్రపు గడ్డి. ఇది నాచు కాదు, వేళ్ళు, పూలు, కాయలు ఉన్న అసలైన మొక్క. వెలుతురు అందే లోతులేని నీటి అడుగున బీళ్ళుగా పెరుగుతుంది. పెద్ద కడలి ఆవు రోజుకు ముప్పై నలభై కిలోల గడ్డి మేస్తుంది. వేళ్ళతో సహా పెకలించి తింటుంది కనుక, అది నడిచిన దారి అడుగున నాగటి చాలులా కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినది చూడముచ్చటైన విషయం. అసలు విషయం దాని సంతానంలో ఉన్నది. దీని ఆయుర్దాయం డెబ్బై ఏళ్ళ దాకా ఉంటుంది. చెట్టు మానులో వలయాలున్నట్లు దీని కోరలో ఏటేటా పడే పొరలుంటాయి. ఆస్ట్రేలియాలో హెలెన్ మార్ష్, ఆమె సహచరులు ఆ పొరలు లెక్కపెట్టి ఈ వయసులు తెలుసుకున్నారు. ఆడది ఈతకు రావడానికి ఆరు మొదలు పదిహేడేళ్ళు పడుతుంది. చూలు పదమూడు పద్నాలుగు నెలలు. ఈతకు ఒక్కటే దూడ. ఏడాదిన్నర దాకా పాలు తాగుతుంది. మరల ఈనడానికి రెండున్నర నుంచి ఏడేళ్ళు. మేత సమృద్ధిగా ఉండి, చావులు తక్కువగా ఉన్నా మంద ఏడాదికి నూటికి ఐదుకు మించి పెరగదు. ఈడొచ్చిన ఆడవాటిలో ఏటా నూటికి ఒకటి రెండు మనిషి చేతిలో చస్తే చాలు, మంద తరగడం మొదలవుతుంది. ఇది వడ్డీ చాలా తక్కువ వచ్చే ఆస్తి వంటిది. అసలు ముట్టుకున్నవాడికి ఆ సంగతి వెంటనే తెలియదు. పెద్దవి చాలాకాలం బతుకుతాయి కనుక సముద్రంలో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. తెలిసేసరికి దూడలను కనే తరం పోయి ఉంటుంది.

ఈ లెక్క తెలియక చేసిన పనికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. దానికోసం మన వెచ్చని సముద్రాలు విడిచి ఉత్తర పసిఫిక్ చలినీటికి పోవాలి.

1741లో రష్యా ప్రభుత్వం పంపిన విటస్ బేరింగ్ అనే నావికుడు కమ్చాట్కా నుంచి బయలుదేరి అమెరికా వాయవ్య తీరం చూసి తిరిగి వస్తూ దారి తప్పాడు. ఆ నవంబరులో సెయింట్ పీటర్ అనే అతని ఓడ నరసంచారం లేని ఒక ద్వీపం చేరి పాడైపోయింది. అప్పటికే స్కర్వీ రోగంతో ఓడవాళ్ళు రాలిపోతున్నారు. డిసెంబరులో బేరింగ్ కూడా అక్కడే మరణించాడు. నేడు ఆ ద్వీపానికి అతని పేరే. ఓడలో గియోర్గ్ విల్‌హెల్మ్ స్టెల్లర్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడున్నాడు. ఆ ద్వీపం చుట్టూ కెల్ప్ అనే పెద్ద నాచు మేస్తూ మందలుగా తిరిగే భారీ జంతువులను అతను చూశాడు. అది కూడా కడలి ఆవే, డ్యూగాంగుకు అతి దగ్గరి చుట్టం. కాని పొడవు ఏడెనిమిది మీటర్లు, బరువు టన్నులలో. నోట పళ్ళు లేవు. గట్టి పలకలతో నాచు నమిలేది. చర్మం ముసలి మాను బెరడులా ఉండేది. పూర్తిగా నీట మునగలేక, వీపు పైకి తేలుతూ, ఒడ్డువార మేసేది.

ఆకలితో ఉన్నవారు మొదట నీటికుక్కలను, సీళ్ళను తిన్నారు. 1742 జూన్‌లో ఒక కడలి ఆవును ఈటెతో కొట్టి, తాడుతో ఒడ్డుకు లాగగలిగారు. మాంసం రుచిగా ఉంది, వేసవిలో కూడా త్వరగా చెడలేదు. కొవ్వు బాదం నూనెలా ఉన్నదని స్టెల్లర్ రాశాడు. ఆ తిండితో కోలుకున్నవారే పాత ఓడ చెక్కలతో చిన్న ఓడ కట్టుకుని ఆగస్టులో బయలుదేరి కమ్చాట్కా చేరారు. బతికి వచ్చినవారు 46 మంది. ఆ జంతువు వారికి ప్రాణం పోసిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

బయలుదేరే ముందు స్టెల్లర్ ఒక ఆడదానిని కొలిచి, కోసి, వివరంగా రాసుకున్నాడు. సహాయం చేసినవారికి పొగాకు ఇచ్చి పని చేయించుకున్నాడు. నక్కలు వచ్చి సరంజామా లాక్కుపోతుంటే వాటిని తోలుకుంటూ చేశాడు. ఆ రాతలలో నన్ను నిలిపిన భాగం శరీర వర్ణన కాదు. ఒకదానికి ఈటె దిగినప్పుడు తక్కినవి పారిపోక దాని చుట్టూ చేరి తాడు తెంపడానికి ప్రయత్నించేవట. ఒడ్డుకు లాగిన ఒక ఆడదాని కోసం దాని మగది వరసగా రెండు రోజులు వచ్చి చూసి పోయిందట. తన తిండిగా మారిన జంతువు గూర్చి ఒక మనిషి ఇంత శ్రద్ధతో రాయడం అరుదు. 1746లో, ముప్పై ఏడేళ్ళకే, స్టెల్లర్ సైబీరియాలో మరణించాడు. అతని పుస్తకం 1751లో వెలువడింది. ఆ జంతువును బ్రతికి ఉండగా చూసి రాసిన శాస్త్రజ్ఞుడు అతను ఒక్కడే.

తిరిగివచ్చినవారు తమతో నీటికుక్కల తోళ్ళు తెచ్చారు. ఆ తోళ్ళ విలువ తెలియగానే 1743 నుంచే బొచ్చు వర్తకుల ఓడలు ఆ ద్వీపాలకు కట్టాయి. అలూషియన్ దీవుల దాకా పోయే బృందాలు దారిలో ఇక్కడ ఆగి, చలికాలం గడిపి, కడలి ఆవు మాంసం ఓడకెక్కించుకుని సాగిపోయేవి. వారికి కావలసింది తోళ్ళు. ఆవు దారిబత్తెం మాత్రమే. ఇద్దరు ముగ్గురు వేటగాళ్ళు టన్నుల బరువున్న జంతువును పొడిస్తే చాలాసార్లు అది గాయంతో లోతుకు పోయి చచ్చేది, ఎవరికీ దక్కేది కాదు. ఆనాడు అక్కడ ఉన్నవి పదిహేను వందలకు మించి ఉండవని తరువాత ఆ ద్వీపాలు తిరిగి పరిశోధించిన స్టెజ్‌నెగర్ అంచనా కట్టాడు. మంద తట్టుకోగలదానికి ఏడు రెట్లకు పైగా వేట జరిగిందని 2006లో వెలువడిన ఒక గణన చెబుతుంది.

ఇక్కడొక చిన్న సంఘటన ఉన్నది. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ అదే కీలకం. రాగి గనుల కోసం పొరుగున ఉన్న రాగి ద్వీపానికి వెళ్ళిన యాకొవ్లెవ్ అనే గనుల ఇంజనీరు, అక్కడ కడలి ఆవులు అప్పటికే లేకుండా పోవడం గమనించాడు. బేరింగ్ ద్వీపంలోనైనా వాటి వేటను అదుపు చేయవలసిందని 1755లో కమ్చాట్కా అధికారులకు అర్జీ పెట్టాడు. ఫలితం లేదు. పదమూడేళ్ళ తరువాత, 1768లో, బేరింగ్ ద్వీపంలో చివరి ఆవును చంపినట్లు వర్తకుల వృత్తాంతం. స్టెల్లర్ మొదటిసారి చూసింది 1741లో. లోకం ఎరిగిన తరువాత ఆ జాతి ఆయుష్షు ఇరవై ఏడేళ్ళు.

ఎవరికీ తెలియక జరిగిందని చెప్పడానికి ఆ అర్జీ అడ్డు వస్తుంది. చూసినవాడు ఉన్నాడు, చెప్పినవాడూ ఉన్నాడు. కాని ఈటె పట్టినవాడు ఒకడు, అర్జీ అందుకున్నవాడు ఇంకొకడు. ఇద్దరి మధ్యా వందల మైళ్ళ సముద్రం. ఆపై ఈటె పట్టినవాడికి వేటను ఆపి బతికే వేరొక దారి ఎవరూ చూపలేదు.

చిన్న కడలి ఆవు, అంటే మన డ్యూగాంగు, ఆ గతి పట్టకపోవడానికి కారణం అది ఎక్కువ మేర విస్తరించి ఉండటమే. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ ద్వీపాల దాకా వెచ్చని తీరాలన్నింటా ఉండేది. ఒకచోట పోయినా ఇంకొకచోట మిగిలింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పందొమ్మిదవ శతాబ్దం నడుమ హాబ్స్ అనే వైద్యుడు దీని నూనెను కాడ్ చేప నూనెకు మారుగా మందుగా ప్రచారం చేశాడు. ఆపై నూనె కోసం వేట సాగింది. మందలు తగ్గగానే ఆ వ్యాపారం పడిపోవడం, అవి కాస్త కోలుకోగానే మరల లేవడం. 1969లో అక్కడ చట్టం వచ్చి వాణిజ్య వేట ఆగింది. కాని 1962 నుంచి స్నానాల రేవుల దగ్గర సొరచేపల కోసం కట్టిన వలలలో అవి చిక్కి చస్తూనే వచ్చాయి. 1992లో వరుస వరదలు, ఒక తుపాను హెర్వీ అఖాతాన్ని బురదమయం చేయగా వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రపు గడ్డి నశించింది. రెండు వేలకు పైగా ఉన్న కడలి ఆవులు రెండేళ్ళు తిరగకముందే ఆరువందల దగ్గరకు వచ్చాయి. కొన్ని వలసపోయాయి, కొన్ని ఆకలితో చచ్చాయి. వేటగాడు ఒక్కడూ లేడు. అక్కడ తేలిన సంగతి ఇది: ఆవును కాపాడాలంటే ముందు పచ్చికబీడును కాపాడాలి.

ఇక మన దేశం. కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, ఈ చోట్ల ఇవి మిగిలి ఉన్నాయి. అండమాన్ నికోబార్‌కు ఇదే అధికారిక జంతువు. మద్రాసు రాజధాని కాలంలో, 1905లో, తరువాత భారత జంతుశాస్త్ర సర్వేక్షణకు తొలి సంచాలకుడైన అన్నండేల్ మన్నార్ కడలి ఆవుల గూర్చి ఒక వ్యాసం రాశాడు. కీళక్కరై ప్రాంతంలో వీటిని వలలతో పట్టి మాంసం అమ్మడం చాలాకాలం సాగింది. మండపంలోని సముద్ర మత్స్య పరిశోధన కేంద్రంలో 1959 మొదలుకొని సుమారు పదేళ్ళు ఒక జంటను కొలనులో పెంచి గమనించారు కూడా. 1972 వన్యప్రాణి చట్టం దీనిని మొదటి షెడ్యూలులో చేర్చింది, అనగా పులికి ఉన్న రక్షణే దీనికీ. 1986లో మన్నార్ సముద్ర జాతీయ పార్కు వచ్చింది. అయినా, దేశమంతటా కలిపి రెండు వందల చిల్లర ఉంటాయని ఇటీవలి అంచనా.

ముందు చెప్పిన వడ్డీ లెక్కను ఈ రెండు వందలకు వేసి చూడండి. అన్నీ అనుకూలించినా ఏడాదికి పెరిగేది పది. అటువంటి మందలో నాలుగైదు ఆడవి వలల్లో చిక్కితే ఆ ఏటి పెరుగుదల హరించుకుపోతుంది. చిక్కడానికి ఎవరూ వల పన్ననక్కరలేదు. చేపలకు వేసిన వలలో ఇది పడుతుంది, గాలికి పైకి రాలేక పావుగంటలోపే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. చలికాలంలో మన కోస్తా ఇసుకమీదికి కొట్టుకువచ్చే చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్ళను చూసినవారికి ఈ చావు కొత్తది కాదు; గాలి పీల్చే ప్రాణి నీటి అడుగు వలలో చిక్కితే జరిగేది అదే. దీనికి తోడు అడుగును గీసుకుపోయే ట్రాలు వలలు గడ్డిబీళ్ళను పెకలిస్తాయి.

చట్టం పేరు చెప్పి జాలరిని దోషిని చేయడం సులభం. నాకు అది న్యాయంగా తోచదు. వలలో చిక్కిన జంతువును వదలాలంటే వల కోయాలి. వల జాలరికి పెట్టుబడి, తరచు అప్పు. ఆ క్షణంలో ఒడ్డున ఉన్న మనం మెచ్చుకునే ధర్మానికి మూల్యం నడి సముద్రంలో అతను ఒక్కడే చెల్లిస్తాడు. పూర్వం చిక్కినదానిని గుట్టుగా కోసి పంచుకునేవారంటే దానికి ఆకలి, భయం రెండూ కారణాలే. బయటపెడితే కేసు, వదిలితే నష్టం.

గత దశాబ్దంలో వచ్చిన మార్పు ఈ చోటనే వచ్చింది. 2016 నుంచి భారత వన్యప్రాణి సంస్థ, తీర రాష్ట్రాల అటవీ శాఖలు కలిసి చేపట్టిన పునరుద్ధరణ పథకంలో జాలరులనే కాపలాదారులుగా తీసుకున్నారు. చిక్కిన ఆవును వదిలినవారికి బహుమానం, సన్మానం ఇస్తున్నారు. పాక్ అఖాతం ఒడ్డున బ్రతికున్నవాటిని వల కోసి వదలిన ఘటనలు ఒకటి తరువాత ఒకటి నమోదవుతున్నాయి. 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరాన 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని డ్యూగాంగుల సంరక్షణ క్షేత్రంగా ప్రకటించింది. దేశంలో ఇటువంటిది ఇదే మొదటిది. 2002లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ ఈ సంరక్షణ క్షేత్రమనే విభాగాన్ని కల్పించింది. జాతీయ పార్కులోవలె మనుషులను బయటికి నెట్టదు. గ్రామాల ప్రతినిధులు కూడా ఉన్న సంఘం దీని నిర్వహణలో సలహా చెబుతుంది. ఇక్కడ కాపాడదలచినది ఆవును మాత్రమే కాదు, దాని బీడును కూడా.

ఇది చాలునా? చైనాలో 1988లోనే కడలి ఆవుకు అత్యున్నత చట్టరక్షణ ఇచ్చారు. 2008 తరువాత అక్కడ దీని ఉనికి నమోదు కాలేదు. 2022లో పరిశోధకులు దక్షిణ తీరంలోని వందలాది జాలరులను అడిగి, చైనా నీళ్ళలో ఇది ఆచరణలో అంతరించినట్లేనని ప్రకటించారు. కాగితం ఉన్నది, గడ్డి పోయింది. అదే ఏడాది తూర్పు ఆఫ్రికా మందను అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నదిగా ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం పట్టికకు ఎక్కించింది.

యాకొవ్లెవ్ అర్జీకి, పాక్ అఖాతంలో కోసిన వలకు మధ్య రెండున్నర శతాబ్దాల దూరం ఉన్నది. నాడు తెలిసినవాడి చేతిలో ఈటె లేదు. నేడు వల చేతిలో ఉన్నవాడికే సంగతి తెలిసింది, తెలిసి దానికి తన వలను మూల్యంగా ఇస్తున్నాడు. మిగిలిన మూల్యం ఎవరిది? కోసిన వలకు ఆలస్యం లేకుండా పరిహారం చేరాలి, బీడును దున్నే ట్రాలర్లను ఆపాలి, నదులు తెచ్చే బురదను, మురుగును తగ్గించాలి. ఇవి ఒడ్డున ఉన్న మన పనులు. ఇరవై ఏడేళ్ళలో ఒక జాతిని తుడిచివేయవచ్చునని చరిత్ర చూపింది. అదే ఇరవై ఏడేళ్ళలో, ఒక్కటీ వలలో పోకుండా, మేత తరగకుండా చూస్తే, ఏటా నూటికి ఐదు చొప్పున ఈ రెండు వందలు ఏడు వందలు దాటగలవు. లెక్క ఒకటే, దానిని ఏ వైపు నడపాలన్నదే ప్రశ్న.

చివరగా ఒక మనవి. శ్రీకాకుళం మొదలు నెల్లూరు దాకా మన తీరంలో పెరిగిన చదువరులు, తమ ఊరి పల్లెకారుల నోట ఈ జంతువుకు ఏదైనా తెలుగు పేరు విని ఉంటే ఇక్కడ రాయగలరు. పేరు దొరికితే, మన వాళ్ళు దీనిని ఏ కంటితో చూశారో కూడా తెలుస్తుంది.